ఐర్లండ్‌లోని కిల్‌కెన్నీలో ఇంటి వెనక కట్టడానికి ఆర్కియాలజీ టెస్టింగ్ అడిగారు, ఫౌండేషన్ డ్రాయింగులు ఇప్పుడే గీయించాలా?

వద్దు, ఆపండి. హై స్ట్రీట్ పక్కన పాత ఇంటి పెరట్లో రెండంతస్తులు కడదామంటే కౌన్సిల్ ముందు టెస్టింగ్ రిపోర్టు తెమ్మందన్నారు కదా. టెస్టింగ్ అంటే నేలలో పాతకాలపు ఆనవాళ్లున్నాయేమో చూడటానికి ట్రెంచ్‌లు, అంటే సన్నటి కందకాలు, తవ్వి చూడటం. ఫౌండేషన్ ఏ రకమో తేల్చేది ఆ రిపోర్టే.

కౌన్సిల్ చూపంతా మీ పెరటి మీదే. మధ్యయుగాల్లో ఐర్లండ్‌కు వచ్చిన ఆంగ్లో-నార్మన్ల కాలపు పట్టణాల్లో స్థలాలు వీధివైపు ఇరుకుగా, వెనక్కి పొడవుగా కొలిచి ఇచ్చారు. వీధి ముఖాన తర్వాత తవ్విన సెల్లార్లు పాత పొరల్ని తినేశాయి. వెనక ఉన్న చెత్తగుంటలు, బావులు, మరుగుదొడ్డి గోతులు చాలాచోట్ల అలాగే మిగిలాయి.

ఇలా తవ్వడానికి లైసెన్సును నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ అనే ప్రభుత్వ విభాగం ఒక ఆర్కియాలజిస్టు పేరు మీద ఇస్తుంది, కంపెనీకి ఇవ్వదు. దరఖాస్తుతోపాటు పని చేసే పద్ధతి, ట్రెంచ్‌ల ప్లాను, ఖర్చు భరిస్తానని మీ ఉత్తరం పెట్టాలి. మెటల్ డిటెక్టర్‌కు వేరే అనుమతి. కనీసం నెల పట్టేలా లెక్కేసుకోండి. ఈలోగా ఇంజనీరు సాయిల్ టెస్టుకని సొంతంగా గుంతలు తీయకుండా చూడండి, వాటిమీదా ఆర్కియాలజిస్టు కన్ను ఉండాలి.

ట్రెంచ్‌లు గోడలు వచ్చే చోటే పడాలి. షెడ్డు అడ్డుగా ఉందని పక్కనున్న లాన్‌లో తవ్వితే ఆ రిపోర్టు చాలదంటారు, మళ్లీ మొదటికొస్తుంది. కాంక్రీటు ముందే పగలగొట్టించండి. కరెంటు, గ్యాస్ లైన్లు వెతికించండి. మినీ డిగ్గర్‌కు పళ్లు లేని వెడల్పాటి బకెట్ తప్పనిసరి. పళ్లున్నది నేలను చీల్చేస్తుంది, పొరల అంచులు కనపడవు.

మన్నును పలచటి పొరలుగా గీకుతూ దిగుతారు. పైన నల్లటి తోటమన్ను, అందులో తెల్లటి మట్టి చుట్టగొట్టాల ముక్కలు ఉంటే అది ఈమధ్య శతాబ్దాలది. దాని కింద బొగ్గు, ఆయిస్టర్ చిప్పలు, పశువుల ఎముకలు, ఆకుపచ్చ మెరుపు పూత ఉన్న కుండ పెంకులు కలిసి కనిపిస్తే అది మధ్యయుగపు పొర కావచ్చు, డిగ్గర్ ఆగిపోవాలి, అక్కణ్నుంచి తాపీలతోనే పని. టెస్టింగ్‌లో ఆ పొర పైభాగాన్ని గుర్తించి, కొలిచి ఆగుతారు. మొత్తం తవ్వెయ్యరు. మనిషి ఎముకలు బయటపడితే పని అక్కడికక్కడే ఆపి, గార్డాకు (ఐర్లండ్ పోలీసులు), నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌కు, నేషనల్ మ్యూజియంకు చెప్పాలి.

రిపోర్టులో ఆ పొర ఎత్తును మాలిన్ హెడ్ డేటమ్‌తో (ఐర్లండ్‌లో ఎత్తులు కొలిచే ప్రామాణిక మట్టం) ఇమ్మని ముందే అడగండి. ‘నేలకింద 80 సెంటీమీటర్లు’ అని మాత్రమే రాస్తే, నేల చదును చేశాక ఆ అంకె ఇంజనీరుకు పనికిరాదు. ఎత్తు తెలిస్తే నేలమట్టం పెంచి, లోతు తక్కువ రాఫ్ట్ (ఇల్లంతటి కిందా పరిచే ఒకే కాంక్రీటు పలక) వేసి, పాత పొరను అలాగే కాపాడొచ్చు. కుదరకపోతే పూర్తి తవ్వకం, అదీ మీ ఖర్చుతోనే. ఆ బిల్లు టెస్టింగ్ బిల్లుకు చాలా రెట్లుంటుంది.

ట్రెంచ్‌లు పూడ్చిన చోట మన్ను వదులుగా ఉంటుంది, ఆ ప్లాను ఇంజనీరుకూ పంపండి. అనుమతి వచ్చాక కూడా పునాదులు తీసేటప్పుడు ఆర్కియాలజిస్టు దగ్గరుండాలని షరతు పెట్టొచ్చు కాబట్టి, పని ఆగిన రోజులకు డబ్బు ఎవరిదో బిల్డర్‌తో ఒప్పందంలోనే రాయించండి.