ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌ను వదలడం లేదా? వరస కంటే ముందు టిక్ చూడండి

విజయనగరంలో మీ ఇంట్లో ఫైబర్ వైఫై ఉన్నా, విండోస్ 11 ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఫోన్ హాట్‌స్పాట్‌కే కలుస్తోందని, ఏది ముందు కలవాలో వరస ఎలా పెట్టాలని అడిగారు. శ్రీకాకుళంలో నేనూ ఇదే ఇబ్బంది చాలా నెలలు పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది బలగలో మేడమీద అద్దె వాటా. ఇంట్లోంచే జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. మా రూటర్ పాడైనప్పుడు కింద ఉండే ఓనరు మాస్టారు తన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చారు. అలా నా ల్యాప్‌టాప్‌లో మా ఫైబర్, మాస్టారి వైఫై, నా ఫోన్ హాట్‌స్పాట్ మూడూ సేవ్ అయి ఉన్నాయి.

ఒక నెల 20వ తేదీ, అంటే 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరు రోజు, మధ్యాహ్నం కరెంటు పోయింది. రూటర్ ఆగిపోయింది, ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కు కలిసింది. పది నిమిషాల్లో కరెంటు వచ్చి రూటర్ లైట్లు వెలిగాయి. ఇక ఫైబర్ మీదే ఉన్నాననుకుని పని చేసుకుంటూ పోయాను. కానీ ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ మీదే ఉంది, వెనకాల విండోస్ అప్‌డేట్ దిగుతోంది. సాయంత్రానికి రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్ ఖాళీ. పోర్టల్ పేజీ తెరుచుకోవడం లేదు, ఏడుగురివి ఇంకా వేయాల్సి ఉంది. ఆలస్యమైతే ఒక్కొక్కరికి రోజుకు 50 రూపాయల లేటు ఫీజు. నన్ను నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ల డబ్బు కదా, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. నెట్‌వర్క్ పేరు చూసి ఫైబర్‌కు మార్చాక గాని పని కదల్లేదు.

అప్పుడు తెలిసిందేమిటంటే, విండోస్ ఈ వరసను చూసేది ఏ నెట్‌వర్కుకూ కలిసి లేనప్పుడే. ఒకదానికి కలిశాక అది పనిచేస్తున్నంతసేపు, మన ఫైబర్ మళ్ళీ వచ్చినా దాన్ని వదిలి రాదు. కాబట్టి వరస ఒక్కటీ మార్చితే మీ సమస్య సగమే తీరుతుంది. ముందు చేయాల్సింది, అక్కర్లేనివాటికి తనంతట తాను కలిసే వీలు తీసేయడం.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ తెరవండి. హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే 'కనెక్ట్ ఆటోమేటికల్లీ వెన్ ఇన్ రేంజ్' అని ఉంటుంది. ఆ టిక్ తీసేయండి. అదే పేజీలో మీటర్డ్ కనెక్షన్, అంటే డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్ అన్న గుర్తు, ఆన్ చేయండి. అప్పుడు హాట్‌స్పాట్ మీద ఉన్నా విండోస్ అప్‌డేట్‌లు చాలావరకు ఆగుతాయి. నా డేటాను కాపాడింది ఇదే. ఎప్పుడో బస్టాండులోనో హోటల్లోనో వాడిన, పాస్‌వర్డ్ లేని వైఫైలు ఆ జాబితాలో ఉంటే మొహమాటం లేకుండా ఫర్గెట్ నొక్కండి. అదే పేరుతో ఇంకెవరైనా వైఫై పెడితే మీ ల్యాప్‌టాప్ దానికి కలిసిపోగలదు.

మాస్టారి వైఫై నేను తీసేయలేదు, టిక్ మాత్రం తీశాను. అవసరానికి ఇచ్చినదాన్ని రోజూ తెలియకుండా వాడేయడం నాకు బాగోలేదు.

ఇక వరస. విండోస్ 7లో పేర్లను పైకీ కిందికీ జరిపే బటన్లు ఉండేవి, విండోస్ 8 నుంచి అవి తీసేశారు. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కమాండ్ ఇవ్వాలి. పలికేటట్టు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. నెట్‌ష్ అంటే ఎన్-ఈ-టీ-ఎస్-హెచ్, డబ్ల్యూలాన్ అంటే డబ్ల్యూ-ఎల్-ఏ-ఎన్. 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్' అంటే ఇప్పుడున్న వరస కనిపిస్తుంది. తర్వాత:

నెట్‌ష్ డబ్ల్యూలాన్ సెట్ ప్రొఫైల్‌ఆర్డర్ నేమ్="మీ ఫైబర్ పేరు" ఇంటర్‌ఫేస్="వై-ఫై" ప్రయారిటీ=1

ప్రొఫైల్‌ఆర్డర్ అన్నది ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండకూడదు. వైఫై పేరు పెద్ద, చిన్న అక్షరాలతో సహా జాబితాలో ఉన్నట్టే కొట్టండి.

హాట్‌స్పాట్ తనంతట తానే కలవాలి, ఫైబర్ రాగానే వదిలేయాలి అనుకుంటే ఇంకో దారి ఉంది. టిక్ ఉంచి, 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ సెట్ ప్రొఫైల్‌పారామీటర్ నేమ్="హాట్‌స్పాట్ పేరు" ఆటోస్విచ్=యెస్' ఇవ్వాలి. వరసలో ఫైబర్ పైన ఉంటేనే ఇది పనికొస్తుంది. నేను మాత్రం టిక్ తీయడాన్నే ఇష్టపడతాను, ఎప్పుడు దేని మీద ఉన్నానో నాకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. అవసరమై హాట్‌స్పాట్‌కు మీరే కలిపేటప్పుడు, కనెక్ట్ బటన్ దగ్గర ఆటోమేటిక్ అనే గడిలో టిక్ లేకుండా చూసుకోండి. ఉంటే పాత కథ మళ్ళీ మొదలవుతుంది, వరస కూడా మారిపోవచ్చు. బహుశా మీకు జరుగుతున్నది ఇదే.

మీ రూటర్ రెండు పేర్లు చూపిస్తుంటే, చివర 5జీ అని ఉన్నది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. అది వేగం, కానీ గోడలు దాటితే బలం తగ్గుతుంది. రూటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే దాన్ని మొదట పెట్టండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4 గిగాహెర్ట్జ్‌ది, అంటే రెండో పేరు మంచిది.

నేను ఆ తర్వాతి వారమే రూటర్‌కు చిన్న యూపీఎస్ కొన్నాను. కరెంటు పోయినా మా ఇంట్లో ఫైబర్ ఆగడం లేదు, హాట్‌స్పాట్ తీసే అవసరం నెలకు ఒకసారి కూడా రావడం లేదు. ముందు ఆ టిక్ తీసి చూడండి. అయినా మారకపోతే షో ప్రొఫైల్స్‌లో మీకు కనిపించిన వరస ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.