అక్కా, మా బాబుకి వినపడదు, ఇక్కడ బడిలో చేర్చుకుంటారా?

రెండు వారాల కిందట డాలస్ పక్కన ఇర్వింగ్‌లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదం ప్లేటుతో ఒకమ్మాయి నన్ను వంటింటి మూలకి పిలిచింది. వచ్చి రెండు నెలలైందట, హెచ్‌ఫోర్ వీసా, అంటే భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చేది. "అక్కా, మా బాబుకి వినపడదు. మూడేళ్లు. ఇక్కడ బడిలో చేర్చుకుంటారా? గ్రీన్‌కార్డుకేమైనా అడ్డొస్తుందా?" అంది, పక్కవాళ్లకి వినపడకుండా. పదకొండేళ్ల కిందట నేనూ ఇంత మెల్లగానే అడిగాను.

చేర్చుకుంటారు. ఐడియా అనే, వైకల్యమున్న పిల్లల చదువు కోసం పెట్టిన ఫెడరల్ చట్టం కింద మూడేళ్లు నిండిన దగ్గర్నుంచీ ఇలాంటి పిల్లలకి తగిన చదువు ఉచితంగా చెప్పాల్సిన బాధ్యత పబ్లిక్ స్కూలుదే. వీసా ఊసు వాళ్లకి అక్కర్లేదు. కాగితాలు లేని పిల్లలకి కూడా బడి కాదనకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది, ఆ కేసు మన టెక్సస్‌లో టైలర్ అనే ఊరిదే. ఇక మనవాళ్ల సంగతి చెప్పేదేముంది! గ్రీన్‌కార్డు ఇచ్చేటప్పుడు లెక్కలోకి తీసుకునేది సర్కారు దగ్గర తీసుకునే నగదు సాయం లాంటిది; బడి చదువు, అందులో భాగంగా వచ్చే స్పీచ్ థెరపీ ఆ సాయం తీసుకున్నట్టు కాదు. గ్రీన్‌కార్డు భయంతో ఏడాది పోగొట్టుకున్న ఇల్లొకటి నాకు తెలుసు.

మూడేళ్లలోపు పిల్లలకి సాయం చెయ్యడానికి ఈసీఐ అనే రాష్ట్ర కార్యక్రమం వాళ్లు ఇంటికే వస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆసుపత్రిలోనే చెవి పరీక్ష చేస్తారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు, అదీ వాళ్ల లెక్క. మా అమ్మాయి ఇండియాలో పుట్టింది, అప్పుడెవరూ పరీక్ష చెయ్యలేదు. ఏడాదిన్నరకీ అమ్మా అనకపోతే, మా ఆయన దాని వెనకాల స్టీలు పళ్లెం గచ్చు మీద పడేశారు. తిరిగి చూసింది. వినపడుతోందని ఇల్లంతా సంబరపడ్డాం. మా అత్తగారైతే వాట్సాప్‌లో, "వాళ్ల నాన్నకి మాత్రం నాలుగేళ్లు నిండితేగానీ మాటలొచ్చాయా?" అన్నారు. పళ్లెం పడితే నేల అదురుతుందనీ, పిల్ల దానికే తిరిగి ఉండొచ్చనీ చాలా రోజుల తర్వాత ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, చెప్పింది. మీరు మాత్రం పళ్లాలు పడేసుకుంటూ కూర్చోకండి.

అసలు మాట ఇప్పుడు చెప్తాను. ఇక్కడ ఏదడిగినా రాసి అడగండి. టీచరుతో నోటిమాటగా అంటే ఆవిడ నవ్వి తల ఊపుతుంది, అంతే, ఏ గడువూ మొదలవ్వదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకి "మా బాబుకి వినపడదు, పరీక్షలు చెయ్యండి" అని తేదీ వేసి మెయిలు పెడితే, టెక్సస్‌లో పదిహేను బడి రోజుల్లో జవాబివ్వాలి. పరీక్షలకి ఒప్పుకుంటూ మీరు సంతకం చేశాక మామూలుగా నలభై అయిదు బడి రోజుల్లో రిపోర్టు రావాలి. ఆ తర్వాత, బడి పిల్లవాడికి ఏమేం చెయ్యాలో తేల్చి రాసుకునే మీటింగు. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు, ఇక్కడ దాని పేరు ఆర్డ్.

మా మొదటి ఆర్డ్ తల్చుకుంటే నాకిప్పటికీ సిగ్గే. బల్ల చుట్టూ ఎనిమిది మంది, మేమిద్దరం. ప్రతిదానికీ "ఓకే, థాంక్యూ" అన్నాం. వాళ్లేదో మేలు చేస్తున్నట్టు, మనం అడిగితే బాగుండదన్నట్టు! వారానికి అరగంట స్పీచ్ థెరపీ రాసిన కాగితం మీద గంటలో సంతకం పెట్టేసి, పార్కింగ్‌లో కారెక్కాక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నచ్చకపోతే ఒప్పుకోనని చెప్పి, మళ్లీ కూర్చోవడానికి పది బడి రోజుల దాకా గడువు తీసుకోవచ్చని మాకెవరూ చెప్పలేదు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగొచ్చనీ తెలీదు. మా ఆయన రోజూ ఇంగ్లీషులోనే క్లయింటు కాల్స్ మాట్లాడతారు, కానీ ఆ బల్ల దగ్గరి ఇంగ్లీషు వేరు. బింకానికి పోకండి, అడగండి.

వినపడని పిల్లల టీచర్లున్న ప్రోగ్రాం మీ ఇంటి పక్క బడిలో ఉండకపోవచ్చు. చుట్టుపక్కల డిస్ట్రిక్టులు కలిసి ఒకచోట నడుపుతాయి. బస్సు కావాలంటే అదీ ఆర్డ్ కాగితంలోకే ఎక్కించండి. ఆస్టిన్‌లో 1856లో పెట్టిన టెక్సస్ స్కూల్ ఫర్ ది డెఫ్ ఉంది, టెక్సస్ వాళ్లకి ఫీజు లేదు, హాస్టలుంది. మేం పిల్లని పంపలేదు, నాకు మనసొప్పలేదు. కానీ వాళ్లు కుటుంబాలకి పెట్టే వారాంతపు శిబిరానికి వెళ్లాం. అక్కడ ఒకాయన, తనకి బొత్తిగా వినపడదు, తన పిల్లల్ని చేతులతోనే కోప్పడుతున్నాడు. పిల్లలు అచ్చం మన పిల్లల్లాగే విననట్టు నటిస్తున్నారు. ఆ రోజుదాకా పెళ్లై పిల్లలున్న వినపడని మనిషిని నేను దగ్గరగా చూడలేదు. ఇంటికొచ్చాక మా ఆయన నిమ్మళంగా భోంచేశారు, చాలా నెలల తర్వాత.

సైగలు నేర్పితే మాటలు రావని మనవాళ్లలో ఒక గట్టి నమ్మకం. మా పిల్లకి చెవి మిషనూ పెట్టాం, ఏఎస్ఎల్ (అమెరికా సైగల భాష) కూడా నేర్పాం. మిషను స్నానంలో తీసెయ్యాలి, నిద్రలో తీసెయ్యాలి, గట్టిగా వాటేసుకుంటే కీచుమంటుంది. చేతులకి ఆ బాధల్లేవు. ఇండియాలో సైగలు మొదలుపెట్టి ఉంటే అవి వేరని గుర్తుంచుకోండి. మన దగ్గర ఇంగ్లీషు అక్షరాలకి రెండు చేతులు వాడతారు, ఇక్కడ ఒక్క చెయ్యే. "ఇంట్లో ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అని ఒక థెరపిస్టు చెబితే మేం ఆర్నెల్లు బిగబట్టుకుని మాట్లాడాం. పిల్లతో ఎక్కువ మాటలు మానుకోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. తర్వాత తెలుగులోనే వాగడం మొదలుపెట్టాం. ఇప్పుడు దానికి మూడూ వచ్చు, అలిగితే మాత్రం ఏఎస్ఎల్లే.

డబ్బు సంగతి. పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల హియరింగ్ ఎయిడ్లకీ, ఆపరేషన్ చేసి చెవిలోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంటుకీ ఇన్సూరెన్సు ఇవ్వాలని టెక్సస్ చట్టం ఉంది. కానీ మన ఐటీ కంపెనీలు చాలావరకు సొంత డబ్బుతో ప్లాన్ నడుపుతాయి, వాటికి ఈ చట్టం తగలదు. కాబట్టి "మనది సెల్ఫ్ ఫండెడ్ ప్లానా?" అని హెచ్ఆర్‌ని ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌కి, అంటే ఏటా ప్లాన్ ఎంచుకునే గడువుకి, ముందే అడగండి.

ఇంకా విమానం ఎక్కనివాళ్లకి ఒక్క మాట. హైదరాబాద్‌లో చేసిన బెరా టెస్టు (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే పరీక్ష) కాగితాలు పారేయకండి, ఇక్కడ దాన్నే ఏబీఆర్ అంటారు. ఇంప్లాంటు అయి ఉంటే మోడల్ నంబరున్న కార్డు, చివరి మ్యాపింగ్ (ఇంప్లాంటు సెట్టింగుల) రిపోర్టు చేతి సంచిలోనే పెట్టుకోండి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బయల్దేరకముందే రాయించి తీసుకోండి.

ఆ అమ్మాయి మర్నాడు మా ఇంటికొచ్చింది. బాబు మా పాప గదిలో లెగోలు పరిచేస్తుంటే, డైనింగ్ టేబుల్ మీద నాలుగు లైన్ల మెయిలు రాసి పంపించాం. పదిహేను బడి రోజులు వచ్చే శుక్రవారంతో అయిపోతాయి. జవాబు రాకపోతే సోమవారం ఇంకో మెయిలు, ఈసారి డిస్ట్రిక్ట్ పెద్ద అయిన సూపరింటెండెంటుకి కూడా కాపీ పెట్టి.