ఫ్లోరింగ్ రేటు ఊరిని బట్టి ఎందుకు మారుతుంది? గని ఎంత దూరంలో ఉందో ముందు చూడండి

హైదరాబాదులో ఫ్లోరింగుకు సరుకు, కూలీ కలిపి చదరపు అడుగుకు 140 రూపాయలు చెబుతున్నారనీ, రాయలసీమలోని మీ బంధువులు 85 రూపాయలలో ముగించామంటున్నారనీ, ఇందులో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నట్టే కదా అనీ మీరు అడిగారు. ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. మాది రాయలసీమలోని డోన్. బేతంచెర్ల నాపరాళ్ల గనులకు దగ్గరలో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయమే ఉంది. సరుకు మీ గుమ్మం దాకా రావడానికి ఎంత దూరం ప్రయాణిస్తుంది, దాన్ని పరిచే మేస్త్రీ చేతికి ఆ సరుకు ఎంత అలవాటు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ఏ ఊళ్లోనైనా రేటును మీరే అంచనా వేయగలరు. కొందరు పన్నుల వల్ల తేడా వస్తుందంటారు గానీ, టైల్స్ మీద జీఎస్టీ 2017 నవంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు డోనులోనూ తగ్గింది, హైదరాబాదులోనూ తగ్గింది. దేశమంతటా ఒకటిగా ఉన్నది ఊరికీ ఊరికీ మధ్య తేడాను ఎలా తెస్తుంది?

మా అమ్మాయిని కాకినాడ ఇచ్చాము. మా వియ్యంకులు ఒక వేసవిలో మా ఇంటికి వచ్చి, మధ్యాహ్నం హాల్లో చాప కూడా లేకుండా బండల మీదే నడుం వాల్చి, లేచీ లేవగానే, “బావగారూ, మేము కట్టే కొత్త ఇంటికి ఇవే బండలు వేయిస్తాను, మీరే దగ్గరుండి ఇప్పించాలి” అని పట్టుబట్టారు. అది అక్కడ లాభసాటి కాదని నేను చెప్పినా, పిసినారితనంతోనో మొహమాటంతోనో అంటున్నానని అనుకున్నట్టున్నారు, వినలేదు. సరే, నా మాట నమ్మకపోయినా వ్యాపారి మాట నమ్ముతారు కదా అని మరునాడు పొద్దున్నే బేతంచెర్లకు తీసుకువెళ్లాను.

మేము వెళ్లిన యార్డులో 2×2 అడుగుల బండలను గోడకు ఆనించి వరుసలుగా నిలబెట్టారు. యజమాని నాలుగు బండలను నేల మీద పరిపించి, చెంబుతో వాటి మీద నీళ్లు పోసి, మాతో ధర సంగతి మాట్లాడుతూ నిలబడ్డాడు. కాసేపటికి మూడు బండలు శుభ్రంగా ఆరిపోయాయి. నాలుగో దాని మీద ఒక మూల నుంచి మధ్య దాకా వెంట్రుకంత సన్నని తడి గీత మాత్రం మిగిలిపోయింది. పగులు ఉన్నచోట నీరు లోపలికి దిగుతుంది కాబట్టి ఆలస్యంగా ఆరుతుంది, అటువంటి బండ లారీ కుదుపుకో, పాలిష్ మిషన్ బరువుకో సరిగ్గా ఆ గీత వెంటే విరుగుతుంది. ఆయన ఆ బండను పక్కకు తీయించి, మిగిలినవాటిని గులకరాయితో తట్టి చూపించాడు. మంచి బండ కంగుమంటుంది. మా వియ్యంకులు ముచ్చటపడి తామూ నాలుగైదు తట్టి చూసి, “కాకినాడకు 1,500 చదరపు అడుగులు పంపాలి, చివరి ధర చెప్పండి” అన్నారు. ఆ పెద్దమనిషి నా వైపు ఒకసారి చూసి, “రాయికైతే నేను తగ్గిస్తా సామీ, దూరానికి ఎవరు తగ్గిస్తారు?” అన్నాడు.

అక్కడే చెట్టు కింద కూర్చుని లెక్క వేశాము. అంగుళం మందం ఉన్న నాపరాయి చదరపు అడుగుకు ఆరు కిలోలకు పైగా తూగుతుంది, అంటే 1,500 అడుగులకు తొమ్మిది టన్నులు దాటుతుంది. అంతే వైశాల్యానికి విట్రిఫైడ్ టైల్స్ అయితే మూడు టన్నులకు అటూ ఇటూ ఉంటాయి. యార్డులో బండ అడుగు 28 రూపాయలు. కాకినాడ సుమారు 500 కిలోమీటర్లు కావడంతో లారీ బాడుగే అడుగుకు 19 రూపాయలు పడింది. ఎత్తడం, దించడం, దారిలో విరిగేవి కలిపి మరో ఐదు. అప్పటికి 52 అయినా మా వియ్యంకులు వెనక్కి తగ్గలేదు. అసలు దెబ్బ కూలీ దగ్గర తగిలింది. కాకినాడలో తమ మేస్త్రీకి ఫోను చేస్తే, టైల్స్ అయితే 25 రూపాయలకు వేస్తాననీ, నాపరాయి అయితే 45 ఇవ్వాలనీ, పాలిష్‌కు 20 వేరనీ చెప్పాడు. అతని తప్పేమీ లేదు. టైలు ఫ్యాక్టరీలో ఒకే మందంతో తయారవుతుంది, బండ అలా కాదు. ఒకటి ముప్పాతిక అంగుళం ఉంటే పక్కది అంగుళం పావు ఉంటుంది. కింద మాలు, అంటే ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద, ఒక్కోచోట ఒక్కోరకంగా వేసుకుంటూ పైన మట్టం కలపాలి. మా డోన్ మేస్త్రీలు చిన్నప్పటి నుంచి చేసిన పని కాబట్టి చేత్తో తూచినట్టుగా మాలు వేసి 25 రూపాయలకే పరిచేస్తారు, 12 రూపాయలకు పాలిష్ మిషన్ వాడు వస్తాడు. చేతికి అలవాటు లేనివాడు ఒక్కో బండను మూడుసార్లు లేపి దించుతాడు, ఆ సమయానికి కూలీ అడుగుతాడు, మాలు కూడా ఎక్కువ ఖర్చు చేస్తాడు. మాలు ఖర్చు కూడా కలిపితే మా ఊళ్లో 84 రూపాయలలో తేలే నేల కాకినాడలో 137 రూపాయలకు చేరింది. అదే కాకినాడలో మంచి 2×2 టైల్స్ సరుకు, కూలీ, సిమెంటు కలిపి 90 రూపాయలలో వచ్చాయి. చివరికి వాళ్లు అవే వేయించారు.

కాకినాడకు టైల్స్ చవక అవడం వింత కాదు. పక్కనే సామర్లకోటలో ఆర్‌ఏకే సెరామిక్స్ కర్మాగారం ఉంది. దేశంలోని టైల్స్‌లో అత్యధిక భాగం తయారయ్యే గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చినా, తేలిక సరుకు కాబట్టి ఒక్క లారీలో మూడు నాలుగు ఇళ్లకు సరిపడా వచ్చేస్తుంది. గోదావరి ఇసుక కూడా వాళ్లకు దగ్గర. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఉచితమే గానీ ట్రాక్టరు బాడుగ ఉచితం కాదు, మా వైపు ఆ బాడుగే బరువు. అయితే కాకినాడ వాళ్లకు వేరే ఖర్చు ఉంటుంది. బంకమట్టి నేల కాబట్టి పునాదిలో ఇసుక నింపి, నీళ్లు పట్టి, గట్టిగా దిమ్మిస చేయించి, పైన కాంక్రీటు పొర వేయకపోతే రెండు వానాకాలాలకు నేల కుంగి టైల్స్ కింద డొల్ల పడుతుంది. గరుసు నేల మీద ఇల్లు కట్టుకున్న మాకు ఆ బాధ తక్కువ. చదరపు అడుగు రేటు చెప్పేటప్పుడు ఈ కింది పనిని ఎవరూ కలపరు. రెండు ఊళ్ల రేట్లను పోల్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇక మీ హైదరాబాదు. అక్కడ మా బావమరిది నాలుగో అంతస్తు ఫ్లాటుకు 2×4 టైల్స్ వేయించినప్పుడు నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను, సరుకు ధర మా ఊరికంటే పెద్ద ఎక్కువేమీ కాదు. లిఫ్టులో టైల్స్, ఇసుక ఎక్కించకూడదని అసోసియేషన్ వాళ్ల ఆంక్ష, కాబట్టి మెట్ల మీద మోసినందుకు అంతస్తుకు ఇంత అని కూలీ. చప్పుడు చేసే పని పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకే కాబట్టి నాలుగు రోజుల పని వారం పడుతుంది. పగలగొట్టిన పాత నేల ముక్కలను బయట పారేయడానికి వేరే బండి. పరిచేవాళ్లలో ఎక్కువమంది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఊరుగాని ఊళ్లో గది అద్దె కట్టుకుని బతకాలి కాబట్టి వాళ్ల కూలీని నేను తప్పు పట్టను. పైగా పెద్ద టైలును మట్టం తప్పకుండా పరచడంలో వాళ్ల పనితనం బాగుంటుంది.

నాకు కోపం తెప్పించేది స్కర్టింగ్ లెక్క. గోడ అడుగున వేసే నాలుగు అంగుళాల పట్టీ మూడు అడుగుల పొడవుంటే ఒక చదరపు అడుగు అవుతుంది. దాన్ని రన్నింగ్ ఫుట్ (పొడవు అడుగుల) లెక్కన కొలిచి, చదరపు అడుగు రేటే వేస్తే మూడింతలు కట్టినట్టు. కోతా, అంచు నునుపు చేయడమూ ఉంటాయి కాబట్టి సగం రేటు ఇవ్వవచ్చు. చాలా ఊళ్లలో స్కర్టింగ్ ఊసే ముందు ఎత్తరు, హైదరాబాదులో మాత్రం బిల్లులో అది ఒక గది ఖర్చంత ఉంటుంది. దుకాణాల వాళ్లదీ ఇదే తీరు. 2×2 టైల్స్ నాలుగు ఉన్న పెట్టె 15.5 చదరపు అడుగులకు వస్తుంది, కానీ కొలతకు వచ్చిన మనిషి ముందుజాగ్రత్త పేరుతో పదిహేను శాతం ఎక్కువ రాసి, మిగిలిన పెట్టెలను వెనక్కి ఇవ్వబోతే షేడు మారిందని తీసుకోడు.

హైదరాబాదులో ఉంటూ అందరూ గుజరాత్ టైల్సే ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నూరు కిలోమీటర్లకు కాస్త పైచిలుకు దూరంలో నాపరాళ్ల గనులున్న తాండూరు ఉంది, కర్ణాటక సరిహద్దు దాటితే అటువంటి బండలే దొరికే షాబాద్ ఉంది. నిన్నమొన్నటిదాకా నగరంలో ఎన్నో ఇళ్లలో ఆ బండలే పరిచేవారు, వాటిని పరచగలిగిన మేస్త్రీలు వికారాబాద్ వైపు ఇప్పటికీ ఉన్నారు. అద్దంలా మెరిసే టైల్స్ మీద తడికాలుతో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లను మా బంధువుల్లోనే చూశాను.

మీది సొంత స్థలంలో కట్టే ఇల్లయి, కింది అంతస్తయితే తాండూరు బండ లెక్క తప్పకుండా వేయించండి. నాలుగో అంతస్తు ఫ్లాటయితే అంత బరువు మెట్ల మీద మోయించడం దండగ, టైల్స్‌తోనే సరిపెట్టుకోండి. ఏది వేయించినా మీకు చెప్పిన 140ని సరుకు, రవాణా, మోత, కూలీ, మాలు, పాలిష్, స్కర్టింగ్ అని విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. బండలకే సిద్ధపడితే పరిచే మేస్త్రీని వెంటబెట్టుకుని తాండూరు యార్డుకు వెళ్లి, మందం ఎంత తేడాగా ఉందో ఆయనకే చూపించి కూలీ రేటు అక్కడే ఖాయం చేసుకోండి. సరుకు ఇంటికి దిగాక మందం సాకుతో అడుగుకు పది రూపాయలు పెంచడానికి ఆయనకు అవకాశం ఉండదు.