చంటిపాపతో హైదరాబాద్ నుంచి డల్లాస్: పాలు దిగేటప్పటికి ఉంచండి

11 నెలల పాప, 9 కిలోల బరువు, శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్, తోడు మీ అత్తగారు. చెవినొప్పి, పాలు, నిద్ర గురించి అడిగారు. ముందు చెవి సంగతి చూద్దాం, మిగతా రెండూ దాన్ని బట్టే సర్దుకోవాలి.

చాలామంది విమానం లేవగానే పాలు పట్టేస్తారు. దిగే వేళకి పాపకి ఆకలి ఉండదు, సీసా నోట్లో పెడితే నెట్టేస్తుంది. చెవికి అసలు కష్టం దిగేటప్పుడే. పైకి లేచేటప్పుడు చెవి లోపలి గాలి వ్యాకోచించి, గొంతులోకి వెళ్ళే సన్నటి గొట్టం గుండా దానంతటదే బయటికి పోతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి వెళ్ళాలి, గుటక వేస్తేనే ఆ గొట్టం తెరుచుకుంటుంది. పసివాళ్ళకి ఆ గొట్టం పొట్టిగా, సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. నిద్రలో గుటకలు కూడా తక్కువే. హాయిగా పడుకున్న పాప దిగే ముందు ఉన్నట్టుండి లేచి గుక్కపెట్టి ఏడవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

అందుకని లేచేటప్పుడు పాసిఫయర్ ఇచ్చినా, నాలుగు గుక్కల నీళ్ళు పట్టినా చాలు. కడుపు నిండా పాలు దిగేటప్పటికి ఉంచండి. విమానం సాధారణంగా అరగంట ముందు నుంచే దిగడం మొదలుపెడుతుంది, సీటు బెల్టు ప్రకటన వచ్చేసరికే చెవులు బిగుస్తాయి. ముందున్న తెరలో మ్యాప్ పెట్టుకుని, గమ్యానికి 45 నిమిషాలు ఉందనగా వేడినీళ్ళు అడగండి. ఆ తర్వాత సిబ్బందికి తీరిక ఉండదు. 30 నిమిషాలు ఉండగా పాపని లేపి, తల కాస్త ఎత్తులో పెట్టుకుని నెమ్మదిగా పట్టండి. తల్లిపాలైనా ఇదే లెక్క. జలుబు ఉంటే ఆ గొట్టం లోపల వాచి ఉంటుంది, కాబట్టి దిగడానికి ముందే సెలైన్ చుక్కలు వేసి ముక్కు శుభ్రం చెయ్యండి. చెవిలో ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే మాత్రం బయల్దేరే ముందే పిల్లల డాక్టర్‌కి చూపించాలి.

పొడిపాలు వాడుతుంటే డబ్బా మీద రాసిన చెంచాల లెక్కన ఒక్కో పూటకీ చిన్న డబ్బీల్లో విడిగా పోసుకోండి. విమానంలో ఇచ్చే నీళ్ళు పొగలు కక్కుతుంటాయి. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక సీసా మీ దగ్గర ఉంటే, ముందు వేడినీళ్ళలో పొడి కలిపి, తర్వాత చల్లటివి చేర్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోవచ్చు. రెండు రకాల నీళ్ళూ కలిపి డబ్బా మీదున్న కొలతకే సరిపోవాలి. పాప తాగి వదిలేసిన పాలు గంట దాటితే పారబొయ్యండి. సెక్యూరిటీలో 100 మి.లీ. నిబంధన ప్రయాణానికి సరిపడా పసిపిల్లల పాలకీ, ఆహారానికీ వర్తించదు, కానీ వాటిని విడిగా ట్రేలో పెట్టి చూపించాలి. పాపని స్ట్రోలర్ నుంచీ, ఒంటికి తగిలించుకుని మోసే బేబీ క్యారియర్ నుంచీ బయటికి తియ్యాల్సి ఉంటుంది. అప్పుడు పాపని అత్తగారు ఎత్తుకుంటే మీ చేతులు ఖాళీగా ఉంటాయి.

తిండికి ఇంటి ఉగ్గుపొడే మేలు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించినది గిన్నెలో వేడినీళ్ళతో కలిపి రెండు నిమిషాలు మూత పెడితే చాలు. అయితే పొడి మెత్తగా ఉండాలి, రవ్వలా ఉంటే ఉడకదు. వండిన పప్పన్నం మాత్రం ఇంత దూరం నిలవదు.

బాసినెట్‌కి, అంటే ముందు వరస సీట్ల ఎదుట గోడకి తగిలించే చిన్న ఉయ్యాలకి, టికెట్ కొన్న రోజే విమాన సంస్థకి ఫోన్ చేసి చెప్పండి. చాలా సంస్థలు 10, 11 కిలోల దగ్గర ఆపేస్తాయి, పొడవూ చూస్తాయి. కుదుపులప్పుడు పాపని అందులోంచి తీసి ఒళ్ళో పెట్టుకొమ్మంటారు, కాబట్టి రాత్రంతా ఏకబిగిన నిద్ర ఆశించకండి. ఇంకో చిక్కు, ఆ వరస సీట్ల ముందు బ్యాగ్ పెట్టే చోటుండదు. లేచేటప్పుడు, దిగేటప్పుడు అన్నీ పైన అరలోకి వెళ్ళాలి. పాలసీసా, ఒక డైపర్, వైప్స్, చేతిగుడ్డ చిన్న సంచీలో ముందే తీసి పెట్టుకోండి. సిబ్బంది చిన్న లూప్ బెల్టు ఇస్తే అది మీ బెల్టుకి తగిలించి పాప నడుముకి కట్టాలి. మీ బెల్టు కిందే పాపని కూడా ఇరికించకూడదు, కుదుపులో మీ బరువంతా పాప మీద పడుతుంది.

నిద్రకోసమని అలెర్జీ సిరప్ పట్టొద్దు. కొందరు పిల్లలకి దానివల్ల నిద్ర రాకపోగా చిరాకు ఎక్కువవుతుంది. అది ప్రోమెథాజిన్ అనే అలెర్జీ మందు అయితే రెండేళ్ళలోపు వాళ్ళకి ఊపిరి మందగించే ప్రమాదముంది. జ్వరానికి పారాసిటమాల్ దగ్గరుంచుకోండి, కానీ మందు గాఢత చూసుకోవాలి. చుక్కల మందులో మామూలుగా మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కి 125 లేదా 250. కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున 9 కిలోల పాపకి చుక్కల మందైతే 0.9 నుంచి 1.3 మి.లీ. సిరప్ కొలతతో చుక్కల మందు పడితే మోతాదు రెండు నుంచి నాలుగు రెట్లవుతుంది. డాక్టర్ చెప్పిన కొలతని సీసా మీదే పెన్నుతో రాయించుకోండి.

డైపర్లు రెండు గంటలకొకటి లెక్కేసి, పైన ఐదారు ఎక్కువ పెట్టుకోండి. పాపకి మూడు జతలు, మీకూ అత్తగారికీ ఒక్కో పైబట్ట. స్ట్రోలర్‌కి గేట్ ట్యాగ్ (విమానం గుమ్మం దాకా వాడుకుని అక్కడ అప్పగించడానికి కట్టే చీటీ) వేసేటప్పుడు దుబాయ్‌లో విమానం గుమ్మం దగ్గరే ఇస్తారా, డల్లాస్‌లోనే వస్తుందా అని అడగండి. డల్లాస్‌లోనే అంటే క్యారియర్ తప్పనిసరి. పాప టికెట్ మీద ఇంటిపేరు, పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అలాగే ఉండాలి. మిగిలిన అరటిపళ్ళు విమానంలోనే వదిలెయ్యండి, ఉగ్గుపొడితో సహా ఏ ఆహారం ఉన్నా అమెరికా కస్టమ్స్‌లో డిక్లేర్ చెయ్యండి.