కేక్ చెడిందంటే డబ్బు పోయినట్టే: కప్పులు పక్కనపెట్టి తూకం పట్టు

కేక్ సరిగ్గా రావట్లేదని ఓవెన్ మార్చే ఆలోచన పెట్టుకోకు చెల్లెమ్మా. ముందు ఏ కప్పుతో కొలుస్తున్నావో చూడు. అమెరికా వంటకాల్లో కప్పంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు మామూలుగా 180 మాత్రమే.

నేను ఇక్కడికి, అమెరికాకి, వచ్చిన కొత్తలో ఆ కుక్కర్ కప్పుతోనే మైదా, పంచదార కొలిచాను. అన్నీ ఒకే కప్పుతో కొలిస్తే పాళ్లు ఎలా తప్పుతాయిలే అని ధైర్యం. ఇడ్లీపిండికి ఆ లెక్క సరిపోతుంది. కేక్‌లో గుడ్లు లెక్కపెట్టి వేస్తాం, బటర్ స్టిక్కుల లెక్కన, అంటే ప్యాకెట్‌లో వచ్చే కడ్డీల లెక్కన వేస్తాం. అవి పూర్తిగా పడ్డాయి, మైదా, పంచదార ముప్పావు వంతే పడ్డాయి. కేక్ నడుమ కుంగిపోయి అడుగంతా జిడ్డు ఓడింది. తర్వాత సరైన కప్పులు కొన్నాను. ఈసారి కప్పుని మైదా సంచిలో ముంచి, బియ్యం తీసినట్టు అదిమి తీశాను. కప్పు మైదా వదులుగా నింపితే 120 గ్రాములు, అలా అదిమితే 150 దాకా తూగుతుంది. మూడు కప్పులకి 90 గ్రాములు ఎక్కువ, అంటే ఇంకో ముప్పావు కప్పు! కత్తి దిగలేదు. అప్పట్లో ఇంట్లో ఒక్కటే జీతం, బటర్ కొన్న ప్రతిసారీ డాలర్లని రూపాయల్లోకి మార్చుకునేదాన్ని. పారెయ్యడానికి చేతులు రాక ఆ కేక్‌ని పాలలో నానబెట్టుకుని తిన్నాం.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లలో ఎవరి పిల్లల పుట్టినరోజైనా కేక్ నా ఓవెన్‌లోనే అవుతుంది. షాపులో ఒక కేక్‌కి పెట్టే డబ్బుతో నేను రెండు చేస్తాను. మీ కొత్తవాళ్లు యూట్యూబ్ చూసి రకరకాల గిన్నెలు కొంటారు, డిజిటల్ స్కేల్ మాత్రం కొనరు. ముందు అది కొను. రెండు కేకులు చెడకుండా ఉంటే దాని ఖరీదు తిరిగి వచ్చేస్తుంది. గిన్నె పెట్టి సున్నా బటన్ నొక్కు, మైదా వెయ్యి, మళ్లీ సున్నా, పంచదార వెయ్యి. కడగాల్సిన గిన్నెలూ తగ్గుతాయి.

గ్రాముల లెక్క కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, ప్యాకెట్ మీదే ఉంటుంది. ఇక్కడి మైదా సంచి మీద పోషకాల పట్టీలో పావు కప్పు, 30 గ్రాములు అని రాసి ఉంటుంది. నాలుగుతో హెచ్చవేస్తే 120. పంచదార కప్పుకి 200. బటర్ స్టిక్ ఒకటి 113, అది అరకప్పు. తేనె మాత్రం కప్పుకి 340 దాకా తూగుతుంది, అందుకే ఒకే లెక్క అన్నిటికీ వెయ్యకు. ఔన్సుల దగ్గర మరీ జాగ్రత్త. కప్పుకి 8 ఔన్సులు అనేది ద్రవాల కొలత. తూకంలో కప్పు మైదా నాలుగు ఔన్సుల పైచిలుకే. ఆ 8 చూసి మైదా తూచావంటే దాదాపు రెట్టింపు పడి గుడ్లు, బటర్, వెనిలా అన్నీ దండగ. ఆస్ట్రేలియా వాళ్ల వంటకమైతే కప్పు 250 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 20. మిగతా దేశాల కొలతలు నువ్వే చూసుకోగలవు.

వంటసోడా, బేకింగ్ పౌడర్ మాత్రం చెంచాతోనే కొలువు. మామూలు స్కేల్ అంత తక్కువ బరువుని నమ్మకంగా చూపించదు.

కొత్త వంటకం ఏదైనా మొదటిసారి సగమే చెయ్యి. పోయినా సగం డబ్బే పోతుంది. ఒకే గుడ్డు ఉన్న వంటకాన్ని సగం ఎలా చెయ్యాలని టెన్షన్ పడకు. ఇక్కడి లార్జ్ గుడ్డు పెంకు తీస్తే సుమారు 50 గ్రాములు. గిలక్కొట్టి 25 తూచుకో. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు ఆమ్లెట్‌లో కలిపెయ్.