ముధోల్ కుక్కపిల్లకి రాణి వద్దు, చుక్క అని పెట్టు

తమ్ముడూ, కొత్తగా తెచ్చిన ముధోల్ అనే వేటకుక్క జాతి ఆడ కుక్కపిల్లకి రాణి బాగుంటుందా, స్వర్ణమంజరి బాగుంటుందా అని అడిగావు కదా, నన్నడిగితే రెండూ వద్దు. రోజూ దాన్ని "రా" అనే పిలుస్తాం, రాణి కూడా అక్కడే మొదలవుతుంది, "రాణీ, ఆగు" అంటే పాపం రావాలో ఆగాలో దానికి అర్థం కాదు. స్వర్ణమంజరి అని నువ్వు పూర్తిగా పిలిచేలోపు అది చేను దాటేస్తుంది. ఇవి వాసన కన్నా చూపు మీదే వేటాడే జాతి, దూరంగా ఏదైనా కదిలితే చాలు పరుగే, కాబట్టి రెండక్షరాల్లో గట్టిగా పలికే పేరు కావాలి. గుండె మీద తెల్లమచ్చ ఉందన్నావుగా, చుక్క అని పెట్టు. మా దానికీ అదే పేరు, గట్టు మీద నుంచి "చుక్కా" అని కేకేస్తే చెవులు వెనక్కి తిప్పి టక్కున ఆగేది. మొదటి వారం అన్నం గిన్నె పెట్టేటప్పుడే పేరు పిలువు, తిట్టేటప్పుడు మాత్రం అస్సలు వాడకు.