కొండ ఎక్కే అలవాటు నిలవాలంటే కార్తెకోసారి ఒకే కొండకు వెళ్ళండి

అడిగింది ఇది: హైదరాబాదులో కంప్యూటరు ముందు ఉద్యోగం. ఏడాదిలో రెండు మూడుసార్లు ట్రెక్కింగ్‌కి వెళ్తే మనసు తేలికపడింది, కానీ వారం తిరిగేసరికి మళ్ళీ మామూలే. ఉత్సాహం వచ్చినప్పుడు వెళ్దామనుకుంటే నెలలు గడిచిపోతున్నాయి. క్రమం తప్పకుండా వెళ్ళడం ఎలా? ఆ ఆనందం నిలవడం ఎలా?

ఉత్సాహం కోసం ఎదురు చూడకండి. అది ఇంట్లో ఉండగా రాదు, కొండ ఎక్కడం మొదలుపెట్టాక ఇరవై ముప్ఫై నిమిషాలకు వస్తుంది. మొదటి పావుగంట ఎవరికైనా ఆయాసమే. ఊపిరి ఒక లయకు వచ్చి, ఒళ్ళు వేడెక్కి, చెమట పట్టాక గానీ కాళ్ళు తేలికపడవు. అందుకే తెల్లవారుజామున మంచం మీద కూర్చుని "ఇవాళ వెళ్ళాలనిపిస్తోందా?" అని మనసును అడిగితే వద్దనే అంటుంది. ఆ ప్రశ్న వేసుకునే అవసరమే రాకుండా ఏ రోజో, ఏ చోటో ముందే ఖాయం చేసి పెట్టుకోవాలి.

రోజు ఖాయం చేసుకోవడానికి మన దగ్గర మంచి పద్ధతే ఉంది, రైతులు వాడే కార్తెలు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. కార్తెకు ఒకసారి కొండ, అంతే నియమం. పంచాంగంలోనో గోడ క్యాలెండర్‌లోనో చూసి, కార్తె మొదలయ్యాక వచ్చే తొలి ఆదివారాన్ని గుర్తు పెట్టుకోండి. "వారం వారం వెళ్తా" అని మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది రెండో నెలలోనే ఆగిపోతారు, ఎందుకంటే ఇంట్లో పెళ్ళిళ్ళూ ఆఫీసులో రిలీజులూ అడ్డం వస్తాయి. "నెలకోసారి" అనుకున్నవాళ్ళకు ఒక్కటి తప్పినా రెండు నెలల ఎడం వచ్చి, ఒళ్ళు నొప్పులు అడ్డం వస్తాయి. ఈ రెండో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మానేసేవాళ్ళలో చాలామంది ఆగేది ఇక్కడే.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ మర్నాటి నొప్పికి కారణం దిగడం. దిగేటప్పుడు ప్రతి అడుగుకూ తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో దీనివల్ల పోగు స్థాయిలో చిన్న చిన్న గాయాలవుతాయి. నొప్పి అప్పుడే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది. ఆదివారం కొండ దిగితే సోమ, మంగళవారాల్లో ఆఫీసు మెట్లు దిగలేని పరిస్థితి. మంచి సంగతి ఏమిటంటే, ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం రెండోసారికి తట్టుకోవడం నేర్చుకుంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. ఆ లోపే మళ్ళీ వెళ్తే నొప్పి సగానికి సగం తగ్గుతుంది, మూడోసారికి పెద్దగా తెలియదు. రెండు మూడు నెలలు వదిలేస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. అప్పుడప్పుడూ వెళ్ళేవాళ్ళకు ప్రతి ట్రెక్కూ మొదటి ట్రెక్కులాగే బాధ పెడుతుంది, దాంతో "ఇది మన ఒంటికి పడదు" అనుకుంటారు. పద్నాలుగు రోజుల ఎడం దీనికి సరిగ్గా సరిపోతుంది.

మధ్య రోజుల్లో వారానికి రెండుసార్లు అపార్టుమెంటు మెట్లు చాలు. ఒక అంతస్తు దాదాపు 3 మీటర్లు. ఐదంతస్తులు పదిసార్లు ఎక్కితే 150 మీటర్లు, అంటే దాదాపు భువనగిరి గుట్ట ఎత్తు. మొదట్లో మూడు నాలుగుసార్లతో ఆపండి. ఎక్కి లిఫ్టులో దిగకండి, దిగడమే అసలు సాధన. మోకాలు కొంచెం వంచి, పాదం మెత్తగా ఆనిస్తూ దిగాలి.

ఇక చోటు సంగతి. ఇంటికి దగ్గరలో ఒక్క కొండను ఎంచుకుని, కనీసం ఏడాది దాన్ని వదలకండి. కొత్త చోట్ల జాబితా పెట్టుకుని తిరిగితే ప్రతిసారీ దారి వెతకాలి, బండి మాట్లాడాలి, నలుగురిని ఒప్పించాలి. ఆ శ్రమకే సగం ఉత్సాహం ఆవిరైపోతుంది. హైదరాబాదు పడమటి వైపువాళ్ళకు వికారాబాద్ అనంతగిరి అనువైనది. లింగంపల్లి నుంచి రైలుంది, వికారాబాద్ స్టేషన్ నుంచి అయిదారు కిలోమీటర్లు ఆటోలో వెళ్తే పద్మనాభస్వామి గుడి, ఆ పక్కనే అడవి. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. అడవిలోకి వెళ్ళే ముందు చెక్‌పోస్టులో అనుమతి ఉన్న దారేదో అడిగి తెలుసుకోండి. తూర్పు వైపువాళ్ళకు భువనగిరి దగ్గర. అది గుట్టంతా ఒకే బండ, మీద చాళుక్య త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి కాలపు కోట. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్‌లు తొలి పాఠాలు నేర్చింది ఈ బండ మీదే. విశాఖవాళ్ళకు సింహాచలం మెట్లు, విజయవాడవాళ్ళకు కొండపల్లి ఉన్నాయి. తిరుపతివాళ్ళకైతే వేరే చెప్పాలా, శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550.

అలిపిరి దారిలో కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఏ కొండకైనా పాఠమే. గాలి గోపురం దాకా నిటారు ఎక్కుడు. ఉత్సాహంలో అక్కడిదాకా గబగబా ఎక్కేస్తారు, తరువాత చాలా దూరం చదునుగా ఉండే హాయైన దారిలో కాళ్ళీడుస్తారు, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడతారు. కొలత సులువు: ఎక్కుతూ పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో తెగుతుంటే వేగం తగ్గించండి, ఆగకండి. పది అడుగులు పరుగులా ఎక్కి నిలబడిపోయేవాళ్ళకన్నా, నెమ్మదిగా ఆగకుండా ఎక్కేవాళ్ళే ముందు చేరతారు, అలసటా తక్కువ. (2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక పిల్లలతో నడిచే వేళలపై టీటీడీ ఆంక్షలు పెట్టింది. పిల్లలుంటే ఆ రోజు నియమం కనుక్కునే బయల్దేరండి.)

ఎంతసేపు పడుతుందో ముందే లెక్కేయడానికి నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. 5 కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆరు కిలోమీటర్ల దారి, 300 మీటర్ల ఎక్కుడు అయితే 72 నిమిషాలు, ఇంకో 30, మొత్తం 102 నిమిషాలు. అది గట్టి నడకగాళ్ళకు, చలిదేశంలో. మన ఎండకూ కొత్త కాళ్ళకూ దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి రెండున్నర గంటలనుకోండి. తెల్లవారుతూనే మొదలుపెడితే తొమ్మిదిన్నరకల్లా నీడకు చేరొచ్చు.

బూట్లు సాయంత్రం పూట కొనండి, రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. కొండకు వేసుకునే సాక్సులతోనే తొడిగి చూడాలి. కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు పాదం ముందుకు జారి, గోళ్ళు బూటు ముందు గోడకు కొట్టుకుని నల్లబడతాయి. గోళ్ళు ముందురోజే కత్తిరించండి. ఎక్కేటప్పుడు లేసు మామూలుగా ఉన్నా ఫరవాలేదు, దిగే ముందు మాత్రం చీలమండ దగ్గర బిగించి కట్టండి. నూలు సాక్సులు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి, పాలిస్టరువో ఉన్నివో మేలు. నడుస్తుండగా మడమ దగ్గర చురుక్కుమంటే "పైకెళ్ళాక చూద్దాం" అనుకోకుండా అక్కడే కూర్చుని, చెమట తుడిచి, మైక్రోపోర్ టేపు (కట్లకు వాడే పల్చని టేపు) వేయండి. రెండు నిమిషాల పని. వాయిదా వేస్తే బొబ్బ లేచి, వచ్చే కార్తె కూడా పోతుంది.

నీళ్ళు గంటకు అర లీటరు, మార్చి దాటాక లీటరు దాకా. మూడు గంటల నడకకు ఒక్కొక్కరికి రెండు లీటర్లకు తగ్గొద్దు. చెమట ఎక్కువ పోతే ఉత్త నీళ్ళు చాలవు. ఉప్పు వేసిన మజ్జిగ అయినా సరే, ఓఆర్‌ఎస్ అయినా సరే. ప్యాకెట్ మీద లీటరుకని రాసి ఉంటే పూర్తి లీటరులోనే కలపాలి, చిన్న సీసాలో చిక్కగా కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది. తిండికి పులిహోర, పల్లీపట్టీ, ఖర్జూరాలు. పెరుగన్నం వేసవిలో పులిసిపోతుంది. సంచి మొత్తం మూడు నాలుగు కిలోలు దాటకూడదు.

మీరు అడిగిన రెండో సంగతి, ఆనందం నిలవడం. ఒకే కొండకు మళ్ళీ మళ్ళీ వెళ్తే విసుగు పుట్టదా అని చాలామంది అడుగుతారు. నిజానికి జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. మొదటిసారి కొండంతా పచ్చగానో ఎండిపోయిగానో ఒకే ముద్దగా కనబడుతుంది. కార్తెకోసారి వెళ్తే మార్పు కనబడడం మొదలవుతుంది. ఫిబ్రవరి చివర శతభిషంలో ఆకులన్నీ రాలిన మోదుగ కొమ్మలకు నిప్పురంగు పూలు. అశ్వని, భరణి కార్తెల్లో ఎండ మాడుస్తున్నా కానుగ లేత చిగురు వేస్తుంది, రేల చెట్టు పసుపుపచ్చ గుత్తులు వేలాడేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రెండు వారాలూ తెల్లవారకముందే మొదలుపెట్టి ఎనిమిదికల్లా దిగిపోండి. మృగశిరలో తొలి వాన పడ్డాక మట్టివాసన. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర మొదలయ్యే వేళకు, వాన వెలిసిన పొద్దున నేల మీదకు ఒంగి చూడండి: మినపగింజంత, ఎర్ర మఖమల్ ముక్కలా, ఎనిమిది కాళ్ళతో నింపాదిగా నడిచే ఆరుద్ర పురుగులు. వేలితో మెల్లగా తాకితే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది, కాసేపాగి మళ్ళీ బయల్దేరుతుంది. కొద్ది రోజులే కనిపిస్తాయి. ఆ వారం వెళ్ళకపోతే మళ్ళీ ఏడాదిదాకా ఆగాలి. హస్త, చిత్త కార్తెలకు బతుకమ్మ పూలన్నీ కొండవాలు మీదే, తంగేడు, గునుగు. పొదల్లో సీతాఫలాలు కళ్ళు విచ్చుకుంటుంటాయి.

ఇవి చూడాలంటే పైకి చేరాక కనీసం పది నిమిషాలు ఫోను సంచిలో పెట్టి ఒకే చోట కూర్చోవాలి. మొదటి రెండు మూడు నిమిషాలు మన అలికిడికి పిట్టలు గమ్మున ఉంటాయి, తరువాత మళ్ళీ మొదలుపెడతాయి. ఇంటికొచ్చాక చిన్న నోట్‌బుక్కులో కార్తె పేరు రాసి, కింద మూడు వాక్యాలు: ఏం పూసింది, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, కొత్తగా ఏం కనబడింది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం అని యాప్‌లో చూసుకునేవాళ్ళకు కొన్నాళ్ళకు అంకె పెరగడం ఆగిపోతుంది, దాంతోపాటే సరదా కూడా. ఈ నోట్‌బుక్కుకు ఆ బాధ లేదు, రెండో ఏడాది అదే కార్తె పేజీ పక్కన పెట్టుకుని చదవడం మరీ బాగుంటుంది.

వారం తిరిగేసరికి మనసు మామూలైపోతోందన్నారు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేలమంది మీద వచ్చిన అధ్యయనంలో, వారానికి మొత్తం 120 నిమిషాలు పచ్చని చోట గడిపేవాళ్ళు ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నామని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఒకేసారి గడిపినా ముక్కలుగా గడిపినా తేడా లేదు. అది కారణమని రుజువు చేసే అధ్యయనం కాదు గానీ ఆచరణకు మంచి కొలతే. కొండ లేని వారంలో నాలుగు రోజులు అరగంట చొప్పున కేబీఆర్ పార్కు లాంటి చోట నడిస్తే లెక్క సరిపోతుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం ఉంటే మాత్రం కొండతో సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

జాగ్రత్తల్లో మన కొండలకు ప్రత్యేకమైనవి నాలుగు. ఎండిన గ్రానైట్ బండ కాలికి గట్టి పట్టు ఇస్తుంది, తడిస్తే నమ్మలేం. వాన నీరు పారే చోట బండ మీద నల్లటి చారలుంటాయి, అవి నాచు. ఎండాకాలంలో గరుకుగానే ఉంటాయి, వాన పడ్డ పది నిమిషాలకు సబ్బులా జారతాయి. వాటిని దాటి వెళ్ళండి, వాటి మీద నడవొద్దు. రెండోది, కోట గోడల కిందా బండ చూరుల కిందా వేలాడే పెద్ద తేనెపట్లు. సెంటు పూసుకోవద్దు, కింద పొగ పెట్టొద్దు, కేకలు వద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా వెళ్ళాలి, చేతులు విసరకూడదు. మూడోది, ఏప్రిల్, మే మధ్యాహ్నాల పిడుగులు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 అంకెలు లెక్కపెట్టలేకపోతే శిఖరం వదిలి దిగిపోండి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. నాలుగోది పాములు. కనబడని బండ సందులో చెయ్యి పెట్టొద్దు. కాటు పడితే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ చేయకుండా, ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

ఒంటరిగా వెళ్ళొచ్చా అన్నది మీరు అడగలేదు గానీ తరువాతి ప్రశ్న అదే అవుతుంది. ముగ్గురు నలుగురు ఉంటే మంచిది, అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళను ముందు నడిపించాలి. పదిమంది దాటితే మాటలే ఎక్కువ, పిట్టలు కనబడవు. తోడు రాకపోయినా కార్తె తప్పకూడదనుకుంటే నలుగురు నడిచే దారిలోనే, పగటి పూటే వెళ్ళండి. బయల్దేరే ముందు ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఏ కొండ, ఏ దారిన ఎక్కుతున్నారు, ఎన్నింటికి దిగుతారు, ఆ వేళ దాటి గంటసేపటికీ ఫోన్ రాకపోతే 112కు చెప్పమని. దిగగానే "దిగాను" అని మళ్ళీ పెట్టడం మర్చిపోవద్దు.